ఇంటి వంతుకు ఇంగ్లీషు

మా ఊరి బడి గోడకు ఒక నల్లరాయి బిగించి ఉంది. దాని మీద ఎమ్మెల్యే పేరు, కలెక్టరు పేరు, వాటి కింద చిన్న అక్షరాల్లో 'వార్డు మెంబరు ఏసుపాదం' అని నా పేరు ఉంటాయి. ఆ బడికి స్థలం తెచ్చింది నేను. కోదాడ ఆఫీసుల చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగి గదులు మంజూరు చేయించింది నేను. మా వాడకు మొదటి కరెంటు స్తంభం వేయించింది, మంచినీళ్ళ బావి తవ్వించింది, చర్చికి పెంకులు మార్పించింది కూడా నేనే. నా చదువు మిషను బడిలో నాలుగో తరగతితో ఆగిపోయింది. అయినా నన్ను అడగకుండా ఈ వాడలో ఏ పనీ మొదలుపెట్టని రోజులు ఉండేవి. గొప్ప కోసం రాయడం లేదు, జరిగినవే రాస్తున్నాను.

రాయి చెక్కించేటప్పుడు మా చెల్లె రూతమ్మ పేరు కూడా వేయమని అడిగాను. ఆమె ఏ బడిలో పనిచేసిందని ఆఫీసరు అడిగాడు. ఈ జిల్లాలో ఏ బడిలోనూ కాదన్నాను. ట్రైనింగు అయిందా అన్నాడు. కాలేదన్నాను. మరి ఏ హోదాలో వేయమంటారు పెద్దాయనా అని నవ్వి, కాగితం పక్కన పెట్టాడు. అతనికి చెబుదామనుకుని చెప్పలేకపోయిన సంగతి ఇది. ఊరి పేరు మాత్రం రాయను. ఇందులో వచ్చే మా ఊరి దొర మనవలు ఇంకా ఉన్నారు, కనబడితే నాతో మర్యాదగానే మాట్లాడతారు.

మాది మాదిగ వాడ. మా అయ్య మేం చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. మా తల్లి పెంటమ్మ, మేం అవ్వ అని పిలిచేవాళ్ళం, మా ఇద్దరినీ కూలి చేసి సాకింది. రూతమ్మ నాకంటే బాగా చిన్న. దాన్ని సూర్యాపేటలో మిషను వాళ్ళ బోర్డింగులో వేశారు. అక్కడి తెల్లావిడను అందరూ మిస్సమ్మ గారు అనేవారు. మిస్సమ్మకు తెలుగు సరిగా పట్టుబడలేదు, మా చెల్లెకు ఇంగ్లీషు పట్టుబడింది. మిస్సమ్మ పల్లెలకు పోతే వెంట ఈ పిల్ల పోయేది. ఆమె మాట వీళ్ళకు తెలుగులో, వీళ్ళ మాట ఆమెకు ఇంగ్లీషులో చెప్పేది. అప్పట్లో నిజాం రాజ్యంలో పెద్ద చదువులన్నీ ఉర్దూలోనే. మా ఊరి పట్వారీకి తన పేరు ఇంగ్లీషులో రాసుకోవడం రాదు. మాదిగ పెంటమ్మ బిడ్డ మాత్రం తెల్లవాళ్ళతో నవ్వుతూ మాట్లాడేది.

నాకు అప్పటికే సొంత బండి, సొంత ఎడ్లు ఉండేవి. మా వాడలో సొంత బండి కట్టిన మొదటి మనిషిని నేను. కోదాడలో మకాం పెట్టి, సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా జగ్గయ్యపేటకు, ఇటు మిర్యాలగూడ మిల్లులకు కిరాయి తోలేవాణ్ణి. ఆ బాటలో నా ఎడ్లను మించిన జత లేదని సావుకార్లే ఒప్పుకునేవారు.

నలభై ఏడులో ఇంగ్లీషువాళ్ళు పోయారు. నిజాం మాత్రం నా రాజ్యం నాదే అన్నాడు. దాంతో పాలేరు వాగు దాటితే వచ్చే జగ్గయ్యపేట మాకు నిజంగానే పరదేశమైంది. సరిహద్దు నాకా దగ్గర సిపాయిలు బండి ఆపి మూటలన్నీ విప్పించేవారు. మా నిజాం హాలీ రూపాయి అక్కడ చెల్లేది కాదు, ఇంగ్లీషువాళ్ళ కల్దారు రూపాయి కావాలి. ఇటు పల్లెల్లో ఒక పక్క రజాకార్లు, ఇంకో పక్క వాళ్ళను, దొరలను ఎదిరించే సంఘం వాళ్ళు. మిస్సమ్మ తన దేశం వెళ్ళిపోయింది, బోర్డింగుకు తాళం పడింది. వయసు పిల్లను ఊళ్ళో ఉంచలేక, చెల్లెనూ అవ్వనూ బండిలో కూర్చోబెట్టి పాలేరు దాటించాను.

జగ్గయ్యపేటలో ఒక ఆడపిల్లల బడి ఉండేది. భాగ్యవతి గారు దానికి హెడ్‌మిస్ట్రెస్. ఇంగ్లీషు చెప్పే టీచరు పెళ్ళయి వెళ్ళిపోతే ఇంకొకరి కోసం వెతుకుతున్నారు. ఈ సంగతి మిరపకాయల కొట్టు దగ్గర విని, నా చెల్లెకు వచ్చని నేనే చెప్పాను. కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. భాగ్యవతి గారు నవ్వలేదు. పిల్లను పిలిపించి, నువ్వు ఏరు ఎలా దాటి వచ్చావో ఇంగ్లీషులో చెప్పమన్నారు. రూతమ్మ నాకా దగ్గర సిపాయి మా అవ్వ సంచిలోని జొన్నరొట్టె విరిచి చూసిన సంగతి దాకా అంతా చెప్పింది. ఆవిడ మధ్యలో ఆపకుండా విని, రేపటి నుంచి బడికి రమ్మన్నారు.

అక్కడ మా చెల్లె కుర్చీలో కూర్చుని పాఠం చెప్పేది. కోమట్ల పిల్లలు, కరణాల పిల్లలు ఆమె లోపలికి రాగానే లేచి నిలబడేవారు. మా అవ్వ ఏదో వంకతో బడి ముందు నుంచి పోతూ కిటికీలోంచి చూసి వచ్చేది. అద్దె గదికి వచ్చాక ఎవరూ అడగకపోయినా బిడ్డ కుర్చీలో కూర్చుందని చెప్పేది.

ఎండాకాలంలో మా ఊరి దొర కూడా జగ్గయ్యపేటకు వచ్చి పడ్డాడు. సంఘం వాళ్ళు కోటలాంటి అతని గడి మీదికి వచ్చి, గరిసెల్లోని ధాన్యం ఊరందరికీ పంచేశారు. ఊళ్ళో వెట్టి ఆగిపోయింది. దొర పెళ్ళాం పిల్లలతో, సైదులు అనే జీతగాడితో పారిపోయి వచ్చి, ఒక కిరాయి ఇంట్లో దిగాడు. లెక్కకు అతనూ మాలాగే దిక్కులేక వచ్చినవాడు.

వెట్టి తెలియని ఈ కాలం పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. మా వాడలో ప్రతి ఇల్లూ వంతు ప్రకారం గడికి ఒక మనిషిని పంపాలి. వాకిలి ఊడ్వాలి, పేడ ఎత్తాలి, మూటలు మోయాలి. కూలి ఉండదు. అన్నిటికంటే చెడ్డది ఇంకొకటుంది. ఏ ఇల్లయినా ఒకసారి ఏదైనా ఇచ్చిందంటే అది ఆ ఇంటి మీద వంతుగా నిలిచిపోతుంది. మా తాత ఒక ఏడు దొర ఇంటి పెళ్ళికి మనసుపడి కిర్రుచెప్పుల జత కుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత గడిలో ఏ పెళ్ళి జరిగినా చెప్పులు మా ఇంటి నుంచే పోవాలి. ఇష్టంగా ఇచ్చామన్న మాట ఎవరికీ గుర్తుండదు.

దొర దిగిన మరునాడు సైదులు మా వాళ్ళ గది ముందు నిలబడ్డాడు.

"పెంటీ, దొర వచ్చిండు. వాకిలి ఊడ్సేటోళ్ళు లేరు. మీ ఇంటి వంతట."

మా అవ్వ చీపురు తీసుకుని బయలుదేరింది. ఆ ఊళ్ళో దొరకు పట్వారీ లేడు, కర్ర పట్టే మనిషి లేడు, పోలీసుకు అతనెవరో కూడా తెలియదు. రానంటే అతను చేయగలిగింది ఏమీ లేదు. పిలిచారు కాబట్టి పోయింది, అంతే. ముసలిది, మోకాళ్ళు వంగవు, నేల మీద ఒక చెయ్యి ఆనించి ఊడ్చేది.

నాలుగు రోజులకు క్లాసులో ఒక పిల్ల, మీ అమ్మగారు మా పక్కింటి వాకిలి ఎందుకు ఊడుస్తున్నారండీ అని అమాయకంగా అడిగిందట. ఆ సాయంత్రం నేను బండి విప్పేసరికి రూతమ్మ దొర ఇంటికి బయలుదేరి ఉంది. నేనూ వెంట పోయాను. దొర అరుగు మీద నులక మంచంలో ఉన్నాడు. మేం వాకిట్లో నిలబడ్డాం.

అవ్వకు చేతకాదని, ఆమెను వదిలేయమని రూతమ్మ అడిగింది. మరి వంతు ఎవరిస్తారని దొర అడిగాడు. మా చెల్లె తలెత్తి, నేనిస్తాను, మీ పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లీషు చెబుతాను అంది. దొర నవ్వి, సరేనన్నాడు.

"ఏదైతేంది. మీ ఇంటి నుంచి ఒక మనిషి వస్తే సాలు."

తిరిగి వచ్చేటప్పుడు నేను ఊరుకోలేదు.

"ఇచ్చినవా? ఇగ అది పోదు."

"ఇది మన రాజ్యం కాదన్నా. ఈడ వంతెట్ల నిలుస్తది? దొర ఊరికి పోయిననాడు ఖతం."

చదువుకున్న పిల్ల కదా, అలా అనుకుంది. బోర్డింగుకు పోకుండా ఆ వాడలోనే పెరిగిన ఎవరికైనా, నాతో సహా, చిన్ననాటి నుంచీ తెలిసిన సంగతి ఆమెకు తెలియలేదు.

పగలు కుర్చీలో కూర్చుని చెప్పిన పాఠమే సాయంత్రం దొర వాకిట్లో కింద కూర్చుని చెప్పేది. పిల్లలు అరుగు మీద, టీచరు మట్టిలో. పలక ఆమె చేతికి ఇవ్వకూడదు. పిల్లవాడు పలకను నేల మీద పెట్టి వెనక్కి జరిగితే, ఈమె తీసుకుని దిద్ది మళ్ళీ నేల మీద పెట్టాలి. పక్కింటి పిల్ల, ఆమె శిష్యురాలే, గోడ మీది నుంచి ఇదంతా చూసేది. మరునాడు బడిలో ఆమె రాగానే ఆ పిల్ల కూడా లేచి నిలబడేది, కాకపోతే అందరికంటే కొంచెం ఆలస్యంగా.

వానాకాలం మధ్యలో భాగ్యవతి గారు మా చెల్లెను కూర్చోబెట్టి మాట్లాడారు.

"నువ్వు ఇక్కడే ఉండిపో రూతమ్మా. దసరా తర్వాత గుంటూరులో ట్రైనింగు ఉంది, నీ పేరు పంపిస్తాను. తిరిగొచ్చాక నీ ఉద్యోగాన్ని ఎవరూ కదిలించలేరు. దసరా లోపల చెప్పు."

ఆ మాట విన్న రోజు నా ఎడ్లకు బెల్లం పెట్టాను. మా ఇంటిలో సర్కారు జీతం తినే మనిషి పుట్టిందని కోదాడ దాకా అందరికీ చెప్పాను. రూతమ్మ మాత్రం ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

ఇంతలో సెప్టెంబరు వచ్చింది. యూనియన్ మిలట్రీ మా జగ్గయ్యపేట బాటనే కోదాడ మీదుగా సూర్యాపేటకు సాగింది. నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. జనం రోడ్ల మీదికి వచ్చి పూలు చల్లారు, నేనూ చల్లాను. ఆ వారంలోనే మా దొర నెత్తి మీదికి కాంగ్రెసు తెల్లటోపీ వచ్చింది. మిలట్రీ లారీల వెనకాల ఊరికి పోవడానికి సామాన్లు కట్టించుకుంటూ, మా చెల్లెను పిలిపించాడు. ఊళ్ళో బడి పెడతానన్నాడు. నువ్వే పంతులమ్మవు అన్నాడు. మా వాడ పిల్లలు కూడా వస్తారా అని ఆమె అడిగింది. ఇప్పుడు అందరిదీ ఒకటే రాజ్యం కదా, అందరికీ చదువే అన్నాడు.

ఇక అక్కడి నుంచి ఆమెకు నిద్ర లేదు. ఒకవైపు గుంటూరు, ఒకవైపు మా ఊరు. బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుని, గిన్నెలో అన్నం చల్లారిపోయినా లేచేది కాదు. భాగ్యవతి గారు ఆమెను మందలించారు. మీ దొర మాట నమ్మి వెళ్తావా, పిచ్చిదానా అన్నారు. అవ్వను అడిగితే, మీ అయ్యను పాతిపెట్టిన ఊరు, నాకు ఆ ఊరే మంచిది అంది. చివరికి నన్ను అడిగింది. పాలేరు దగ్గర ఎడ్లకు నీళ్ళు పడుతున్నాను, నాతో వచ్చి ఒడ్డున నిలబడింది.

గుంటూరు పొమ్మని చెప్పాను. అవ్వను నేను కోదాడలో చూసుకుంటానన్నాను.

"ఈడి పిల్లలకు నేను గాకుంటె ఇంకొకలు దొరుకుతరన్నా. మన వాడ పిల్లలకు ఎవలు దొరుకుతరు?"

"దొరను నమ్ముతున్నవా?"

"దొరను నమ్ముతలేను. బడి పెడతనన్నడు, పెట్టనియ్యి. ఒక్కపాలి నోటికొచ్చిన సదువును ఎవడు గుంజుకుంటడు?"

నేను ఎడ్లను వెనక్కి తిప్పాను. ఆమె మాట మంచిదే. మంచి మాట కాబట్టే నాకు భయమేసింది.

దసరా ముందు రోజు ఆమె భాగ్యవతి గారి ఇంటికి పోయి రానని చెప్పి వచ్చింది. ఆవిడ కోప్పడలేదట. తలుపు దాకా వచ్చి, నీ ఇష్టం తల్లీ అని లోపలికి వెళ్ళిపోయారట. గుంటూరుకు వేరే అమ్మాయిని పంపారు.

ఊళ్ళో గడి పెద్ద వాకిట్లో బడి మొదలైంది. దొర పిల్లలు, అతని చుట్టాల పిల్లలు, పట్వారీ కొడుకు అరుగు మీద. రూతమ్మ వాకిట్లో. మా వాడ పిల్లలు గడి దర్వాజా బయట. లోపలికి ఎప్పుడు రానిస్తారని అడిగితే, జర ఆగమన్నారు. మా చెల్లె తన పీటను రోజుకు కొంచెం దర్వాజా వైపు జరుపుకునేది, తన గొంతు బయటి పిల్లలకు వినబడాలని. నేను బండి మీద పోతూ చూశాను. అరుగు మీది పిల్లలు ఆవలిస్తుంటే, బయట ఎండలో మావాళ్ళు గోడకు చెవి పెట్టి పాఠం అప్పజెప్పేవారు.

మిలట్రీ వచ్చాక ఊళ్ళో సంఘం వాళ్ళు లేరు. కొందరు జైళ్ళలో, కొందరు అడవుల్లో. కాబట్టి వెట్టి మళ్ళీ మొదలైంది. టోపీ మారింది, వంతులు మారలేదు. మా అవ్వను మాత్రం పిలవలేదు. దాంతో వాడ మా ఇంటి మీద మండింది. బావి దగ్గర చంద్రమ్మ, వరసకు మా మేనత్త, అందరి ముందూ రూతమ్మతో అనేసింది.

"మీ ఇంటికి మాటల వంతు, మా ఇంటికి పెండకళ్ళ వంతు. దొర మంచిగనే పంచిండే కోడలా."

అప్పటిదాకా తనది ఉద్యోగమనుకుంటున్న పిల్ల. వరి కోతలయ్యాక దొర దగ్గరికి పోయింది. వాడ పిల్లలను వాకిట్లోకి రానివ్వమంది. నెలనెలా ఎంతో కొంత జీతం ఇప్పించమంది. నేను గడికి బస్తాలు దింపుతున్నాను, మాటలన్నీ నా చెవినే పడ్డాయి.

"వాకిట్ల కూసోబెడితే రేపు అరుగు అడుగుతరు," అన్నాడు దొర. "జీతమేందే నీకు? అది మీ ఇంటి వంతు. జగ్గయ్యపేటల నువ్వే ఇస్తనన్నవు. నేనడిగిన్నా?"

అతను అబద్ధం చెప్పలేదు.

ఆ తర్వాతి ఆమె బతుకు సంగతి ఇక్కడే రాసేస్తాను. చట్టం వచ్చి వెట్టి నిజంగా పోయాక, మిర్యాలగూడలో మిల్లు కూలి బుచ్చయ్యతో పెళ్ళి చేశాను. పెళ్ళి ఖర్చంతా నాదే. ఆమె కూడా ఆ మిల్లులోనే నూకలు చెరిగింది. గుంటూరు ట్రైనింగు అయినవాళ్ళు ఇటు బళ్ళకు టీచర్లుగా వస్తుంటే వాళ్ళ ఇంగ్లీషు వినేది, బాగుందో లేదో ఎన్నడూ అనలేదు. దర్వాజా బయట చదివిన పిల్లల్లో ఒకడు పోస్టుమ్యాన్ అయ్యాడు. మిగతావాళ్ళు కూలికి పోయారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నాకు తెలిసిన మనుషుల్లో పెద్ద చదువు ఆమెదే. దాన్ని వాడుకోలేని దేశం మాది.

ఇక దొర జీతం లేదన్న మర్నాటి సంగతి. బస్తాలు దింపి నేను రాత్రికి ఊళ్ళోనే ఉండిపోయాను. తెల్లవారాక ఆమె గడికి పోలేదు. పొద్దెక్కేసరికి సైదులు వచ్చాడు. పంతులమ్మ రాకుంటే పెంటమ్మను దొర రమ్మన్నాడని చెప్పాడు. అవ్వ చీపురు కోసం చూరు కింద చెయ్యి పెట్టింది. నేను అడ్డం నిలబడ్డాను. బండి సిద్ధంగా ఉంది, ఇద్దరూ ఎక్కండి, కోదాడ పోదామన్నాను. అవ్వ రానంది. ఈ ఇల్లు, ఈ ఊరు విడిచి ఇంకోసారి ఏరు పక్కకు పోనంది.

రూతమ్మ లేచి అవ్వ చేతిలోంచి చీపురు తీసుకుంది.

"అవ్వను విడిచి నేనేడికి రాను అన్నా. వంతు తప్పదంటున్నరు గద, ఊడ్పు ఇస్త. ఊడ్పు అందరిళ్ళ నుంచి పోతున్నది. సదువును మాత్రం వంతు కింద ఇయ్యను."

"ఇంత సదివి గడి ఊడుస్తవా?"

"ఊడుస్త. పొద్దుమూకినంక పిల్లలను మనింటికి రమ్మను. ఈడ సెప్త."

నేను ఆమె వెనకే నడిచాను. వాడ ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గడిలో అరుగు మీద పిల్లలు పుస్తకాలు తెరిచి కూర్చుని ఉన్నారు. ఆమె దర్వాజా దగ్గర చెప్పులు విడిచి, కొంగు నడుముకు చుట్టి, మూల నుంచి ఊడ్వడం మొదలుపెట్టింది. దొర బయటికి వచ్చి ఇదేందని అడిగాడు. వంతు దొరా అంది. పాఠం సంగతేందన్నాడు. ఇంటికి ఒకటే వంతు, ఊడ్పు కావాల్నా, పాఠం కావాల్నా అని ఆమె అతన్ని అడగలేదు, ఊడుస్తూనే ఉంది. దొర ఇంట్లోకి పోయాడు. వాకిలి ఊడ్చే మనిషిని ఊడ్వొద్దనడం అతనికి చేతకాలేదు.

దొర చిన్న కొడుకు, జగ్గయ్యపేట నుంచీ ఆమె దగ్గర చదివినవాడు, అరుగు అంచున కాళ్ళు కిందికి వేసి కూర్చున్నాడు. ఆమె దగ్గరికి రాగానే అలవాటుగా "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నాడు.

ఆమె తల ఎత్తలేదు.

"జర కాళ్ళు పైకి తీసుకో చిన్నదొరా. ఊడ్వాలె."